మూడు యాంటీబయాటిక్ కోర్సులకు తగ్గని గొంతునొప్పి: పళ్లసెట్టు కింద దొరికిన జవాబు

నేపథ్యం

61 ఏళ్ల మహిళ, ఉత్తరాంధ్ర తీరంలోని ఒక పల్లె. ఆమెను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. పన్నెండేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. పొద్దున, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. రాత్రి వేసుకుంటారు. ఆయాసానికి ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ (స్టెరాయిడ్) 400 కలిసిన రోటాక్యాప్ (పొడి మందు పీల్చే గొట్టం) పొద్దున ఒకటి, రాత్రి ఒకటి పీలుస్తారు. పైదవడకు పూర్తి పళ్లసెట్టు పెట్టించుకుని తొమ్మిదేళ్లయింది. కింద ముందువైపు సొంత పళ్లు ఆరు మిగిలాయి.

ఈ కొద్ది వాక్యాల్లోనే రోగనిర్ధారణ సగం ఉంది. కానీ ఆమె "గొంతునొప్పి" అంటూ వచ్చారు. ఆ మాట వినగానే చూపు గొంతు మీదకే పోతుంది.

వచ్చిన బాధ, అప్పటిదాకా జరిగిన వైద్యం

ఆరు వారాలుగా మింగితే గొంతులో నొప్పి, నోరంతా మంట. "నోరు మండిపోతన్నాది బాబూ, చారు కూడా పోసుకోలేకపోతన్నాను" అన్నారు. జ్వరం ఒక్కరోజు కూడా రాలేదు. దగ్గు ఎప్పుడూ ఉండేదే. బరువు మూడు కిలోలు తగ్గారు, కారణం అడిగితే తినలేక అని చెప్పారు.

తెచ్చిన చీటీలు వరసగా పరిచి చూశాం. మొదట అమాక్సిసిలిన్–క్లావ్యులనేట్ 625 ఐదు రోజులు. తగ్గకపోతే అజిత్రోమైసిన్ 500 మూడు రోజులు, దానితోపాటు "గొంతు వాపుకు" డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్ రెండు రోజులు. ఆ తర్వాత సెఫిక్సిమ్ 200 ఐదు రోజులు. మధ్యలో బీకాంప్లెక్స్, నోటికి బోరోగ్లిజరిన్. ఇంట్లో పటిక నీళ్లు పుక్కిలించారు, రోజూ రెండు చెంచాల తేనె నాకారు.

డెక్సామెథసోన్ అయిన రెండు రోజులు చాలా హాయిగా ఉందని చెప్పారు. చికిత్స సరైన దారిలో ఉందని అందరూ నమ్మడానికి ఆ రెండు రోజులే కారణమయ్యాయి. స్టెరాయిడ్ ఏ మంటనైనా కొద్దిసేపు చల్లారుస్తుంది. అదే సమయంలో షుగర్ పెంచుతుంది, నోటిలోని రక్షణను తగ్గిస్తుంది. ఫంగస్‌కు అంతకన్నా అనువైన నేల దొరకదు.

చీటీలతో ఒక ఏఎస్ఓ (స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా మీద ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను కొలిచే రక్తపరీక్ష) రిపోర్టు కూడా ఉంది: 400. మూడో యాంటీబయాటిక్‌కు ఆధారం అదే. ఏఎస్ఓ పెరిగిందంటే ఎప్పుడో స్ట్రెప్టోకాకస్ సోకిందని అర్థం. ఇవాళ్టి గొంతునొప్పి దానివల్లేనని చెప్పే శక్తి ఆ పరీక్షకు లేదు. రుమాటిక్ జ్వరం అనుమానం వచ్చినప్పుడు అది పనికొస్తుంది, గొంతునొప్పికి మందు ఎంచుకోవడానికి కాదు. మన దగ్గర ఈ పొరపాటు ఎంత మామూలైపోయిందంటే, ల్యాబ్ వాళ్లే గొంతునొప్పి అనగానే రాసేసుకుంటున్నారు.

మొదటి నిర్ణయం: ఇది బ్యాక్టీరియానా?

స్ట్రెప్ గొంతును తేలిగ్గా తీసుకోకూడదు. ముఖ్యంగా 5–15 ఏళ్ల పిల్లల్లో. అక్కడ వదిలేస్తే గుండె కవాటాల దాకా పోయే ప్రమాదం ఉంది. అందుకే వైద్యుల చేయి యాంటీబయాటిక్ వైపు పోతుంది. ఆ భయం న్యాయమైనదే, అయితే లెక్క చూసుకోవాలి. గొంతునొప్పి స్ట్రెప్ వల్లేనా అని అంచనా వేసే సెంటార్ స్కోరులో 38 డిగ్రీలు దాటిన జ్వరానికి ఒకటి, టాన్సిళ్ల మీద చీముకు ఒకటి, మెడ ముందువైపు నొక్కితే నొప్పెట్టే బిళ్లలకు ఒకటి, దగ్గు లేకపోవడానికి ఒకటి. వయసు 45 దాటితే ఒకటి తీసేయాలి. ఈమెకు జ్వరం లేదు, బిళ్లలు లేవు, దగ్గు ఉంది. గొంతులో కనిపించిన తెల్లపొరను చీముగానే లెక్కేసినా మొత్తం సున్నా. రెండుకు లోపుంటే స్ట్రెప్ పరీక్షే అక్కర్లేదు, యాంటీబయాటిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ప్రమాద సంకేతాలు కూడా ఒకటొకటిగా చూసి పక్కన పెట్టాం. ఒకవైపే నొప్పి, నోరు తెరవలేకపోవడం, వేడి ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు మాట ముద్దగా రావడం, కొండనాలుక పక్కకు జరగడం ఉంటే టాన్సిల్ పక్కన చీముగడ్డ. అప్పుడు మాత్రలతో కాలక్షేపం చేయకుండా చీము తీయించాలి. నాలుక కింద నోటి అడుగు గట్టిపడి గడ్డం కింద వాపు వస్తే ఊపిరికే ముప్పు. గొంతులో బూడిదరంగు పొర గట్టిగా అంటుకుని, మెడ ఉబ్బి ఉంటే కంఠసర్పి (డిఫ్తీరియా) అనుమానించాలి. అది మన దగ్గర పూర్తిగా పోయిన జబ్బు కాదు. చిన్నప్పటి టీకా రక్షణ పెద్దయ్యాక తగ్గిపోతుంది కూడా. ఈమెలో ఇవేవీ లేవు.

పరీక్ష

కొండనాలుక మీద, మెత్తని అంగిలి మీద, రెండు బుగ్గల లోపల పెరుగు విరిగినట్టు తెల్లని పలుకులు. పెదవుల మూలలు రెండు వైపులా చిట్లి ఎర్రగా ఉన్నాయి. తడి గాజుగుడ్డను వేలికి చుట్టి బుగ్గ మీది పలుకును మెల్లగా తుడిస్తే ఊడి వచ్చింది. కింద ఎర్రగా, సన్నని రక్తపు చుక్కలు. పాలు, పెరుగు అన్నం మిగిలిపోతే అదీ తెల్లగానే ఉంటుంది. దాన్ని తుడిస్తే కింద మామూలు చర్మం కనిపిస్తుంది. ఆ తేడా చూడాలంటే ముందు ఒకసారి నీళ్లతో పుక్కిలింపజేసి అప్పుడు తుడవాలి.

ఆ తర్వాత సెట్టు తీయమన్నాం. తీయలేదు. మళ్లీ అడిగితే పక్కనున్న కోడలి వైపు చూశారు. కోడలిని బయట కూర్చోమని చెప్పాక, మొహం పక్కకు తిప్పుకుని తీశారు. అంతకుముందు మూడు చోట్లా ఎవరూ తీయమనలేదట.

గట్టి అంగిలి మొత్తం కందిన ఎరుపు. ఆ ఎరుపు అంచు సెట్టు అంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడే, గీత గీసినట్టు ఆగిపోయింది. సెట్టు లోపలి వైపు గోటితో గీస్తే పసుపుతెలుపు జిగట వచ్చింది. నోట్లో తెల్లగా కనిపించే పూత అందరికీ తెలుసు. సెట్టు కింద అదే ఫంగస్ ఎర్రగా, పొర లేకుండా, చాలాసార్లు నొప్పి కూడా లేకుండా ఉంటుంది. తెలుపు కోసమే వెతికేవారికి అది కనబడదు.

అంగిలి నుంచి ఒకటి, సెట్టు లోపలి నుంచి ఒకటి, రెండు స్లైడ్లు తీశాం. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేసి పది నిమిషాలు ఆగి మైక్రోస్కోపులో చూస్తే రెండింటిలోనూ మొగ్గ తొడిగిన ఈస్ట్ కణాలు, పొడుగాటి దారపు పోగులు. సెట్టు నుంచి తీసిన స్లైడ్‌లో పోగులు మరీ దట్టంగా ఉన్నాయి. పోగులు ఉన్నాయా లేవా అన్నదే ఇక్కడ ముఖ్యం. ఈ ఫంగస్, అంటే కాండిడా, చాలామంది ఆరోగ్యవంతుల నోట్లోనూ ఉంటుంది కాబట్టి ఉత్త ఈస్ట్ కణాలో, కల్చర్ పాజిటివ్ అనే మాటో జబ్బును రుజువు చేయవు.

రక్తపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 10.4, హిమోగ్లోబిన్ 9.1. హెచ్‌ఐవీ పరీక్ష సంగతి విడిగా కూర్చోబెట్టి చెప్పి, ఒప్పుకున్నాక చేయించాం, నెగెటివ్. "ఈ వయసులో ఎందుకులే" అని ఆ పరీక్షను దాటేయకూడదు. నోటి ఫంగస్ మళ్లీ మళ్లీ వచ్చే ఎవరికైనా అడగాల్సిన పరీక్ష అది.

ఇంకొక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి. శ్రీకాకుళం, విశాఖ తీరాన ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు తరాలుగా ఉంది. చుట్ట నిప్పు ఉన్న కొన నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ వేడి నేరుగా తగిలేది అంగిలికే. "చుట్ట తాగుతారా" అంటే లేదన్నారు. "ఇదివరకు అడ్డపొగ పీల్చేవారా" అంటే పాతికేళ్లు పీల్చానని, పైపళ్లు పోయాక మానేశానని చెప్పారు. మొదటి ప్రశ్నతో ఆగి ఉంటే ఆ సంగతి మాకు తెలిసేదే కాదు. ఎర్రబారిన అంగిలి మీద అడుగున ఇంకేమైనా ఉందా అన్నది ఆ రోజు చెప్పలేం. ఎరుపు తగ్గాక మళ్లీ చూడాలని కేసు షీటు మీద ఎర్ర ఇంకుతో రాసిపెట్టాం.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు నిలవలేదు

ఛాతీలో నొప్పి లేదు, మింగడానికి అడ్డం లేదు. కనుక పైపూత మందు చాలనుకున్నాం. ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మాత్ర మొదటే ఇవ్వకపోవడానికి ఇంకో కారణం గ్లిమిపిరైడ్. ఫ్లూకొనజోల్ కాలేయంలో గ్లిమిపిరైడ్‌ను విరిచే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. మందు ఒంట్లో పేరుకుని షుగర్ పడిపోతుంది. ఒంటరిగా పగలంతా ఇంట్లో ఉండే పెద్దావిడకు అవసరం లేకుండా ఆ ప్రమాదం తేనక్కర్లేదు.

క్లోట్రిమజోల్ 1 శాతం మౌత్ పెయింట్, సెట్టు తీసేసి 15 చుక్కలు రోజుకు నాలుగుసార్లు. నాలుకతో నోరంతా తిప్పి, తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. పెదవి మూలలకు మైకొనజోల్ క్రీము. రెండు వారాలు. సెట్టు రాత్రి తీసి కడగమని, ఇన్‌హేలర్ పీల్చాక పుక్కిలించమని నోటిమాటగా చెప్పాం. తేనె ఆపమన్నాం. షుగర్ డాక్టరు దగ్గరికి పంపాం.

ఎనిమిదో రోజుకు తెల్లపలుకులు లేవు, మంట సగం తగ్గింది. పందొమ్మిదో రోజుకు మొత్తం తిరిగొచ్చింది. అంగిలి ఎరుపు అసలు తగ్గనే లేదు.

ఇక్కడ ఫంగస్ మందుకు లొంగలేదని వెంటనే మందు మార్చాలనిపిస్తుంది. దానికి ముందు, చెప్పింది ఇంట్లో ఎలా జరుగుతోందో చేసి చూపించమన్నాం. సెట్టు, బ్రష్షు, ఇన్‌హేలర్, మందు సీసా అన్నీ సంచిలో తెమ్మన్నాం. చూస్తే నాలుగు చోట్ల తేడా ఉంది.

సెట్టు రాత్రి తీసి కడిగేవారు, కడిగి మళ్లీ పెట్టుకునే పడుకునేవారు. "తీసి కడగండి" అన్న మా మాటకు ఆ అర్థమే వస్తుంది, తప్పు ఆమెది కాదు. పళ్లు లేని మొహంతో ఇంట్లోవాళ్ల ముందు తిరగడం ఆమెకు సిగ్గు కూడా. కడగడానికి టూత్‌పేస్టు, గట్టి బ్రష్షు వాడారు. పేస్టులోని గరుకు అక్రిలిక్ మీద సన్నని గీతలు పెడుతుంది, ఆ గీతలే ఫంగస్‌కు గూళ్లు. మూడోది, పగటి డోసుల్లో మందు సెట్టు పెట్టుకునే వేసుకున్నారు. అంగిలికి చుక్క కూడా చేరలేదు. నాలుగోది, రోటాక్యాప్ పీల్చగానే దగ్గొచ్చి, పుక్కిలించడానికి బదులు ఒక గుక్క టీ తాగి ఊరుకునేవారు.

ఇంతలో కొత్త బాధ మొదలైంది. ముద్ద మింగితే రొమ్ముఎముక వెనక గుచ్చుతోంది, అక్కడే ఆగినట్టుంది.

రెండో నిర్ణయం

నోట్లో కాండిడా ఉండి మింగితే ఛాతీలో నొప్పి అంటే అన్నవాహిక దాకా దిగిందని అనుకోవాలి. అక్కడికి పైపూత మందు చేరదు. ఎండోస్కోపీ ముందా, మందు ముందా అని ఆలోచించాం. నోటి పూత స్పష్టంగా ఉన్నప్పుడు మందు మొదలుపెట్టి చూడటం సరైన దారే. వారంలో గణనీయంగా తగ్గకపోతే అప్పుడు ఎండోస్కోపీ తప్పదు. ఆ గడువు తేదీ ముందే చీటీ మీద రాశాం.

ఫ్లూకొనజోల్ 200 మి.గ్రా. రోజుకు ఒకటి, కనీసం 14 రోజులు. ఆమెకు షుగర్ చూసే డాక్టరుతో ఫోన్లో మాట్లాడి గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా.కు తగ్గించాం. అటోర్వాస్టాటిన్ ఆ రోజులకు ఆపాం. చెమట, వణుకు, గుండెదడ వస్తే ఏం చేయాలో ఆమెకూ కోడలికీ ఇద్దరికీ చెప్పాం. ఇంట్లో గ్లూకోమీటరుతో రోజుకు మూడుసార్లు చూడమన్నాం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడే వాళ్లయితే ఇంకా జాగ్రత్త కావాలి. మైకొనజోల్ నోటి జెల్ కూడా వార్ఫరిన్‌ను పెంచుతుంది, పైపూతే కదా అనుకోకూడదు.

సగం తగ్గించడం సరిపోలేదు. నాలుగో రోజు పదకొండు గంటలకు చెమటలు, చూస్తే షుగర్ 64. చక్కెర నీళ్లు తాగి పావుగంటలో కోలుకున్నారు. గ్లిమిపిరైడ్ పూర్తిగా ఆపేశాం. ఫ్లూకొనజోల్ ఒంట్లోంచి సగం తగ్గడానికే దాదాపు 30 గంటలు పడుతుంది కాబట్టి, కోర్సు అయ్యాక కూడా మరో నాలుగు రోజులు ఆగి తిరిగి మొదలుపెట్టారు. ఆ రోజులకు మొదటే ఆపి ఉండాల్సింది. ఆమె తిండి సగానికి పడిపోయిందన్న సంగతి మేం డోసు లెక్కలో వేసుకోలేదు.

పనిచేసింది

మింగుడు నొప్పి నాలుగో రోజుకే తగ్గింది, ఎండోస్కోపీ అవసరం రాలేదు. కానీ ఈసారి తిరిగి రాకుండా ఆపింది మాత్రల కన్నా సెట్టు మీద చేసిన పని అని మా అభిప్రాయం.

సెట్టు పూర్తిగా అక్రిలిక్, లోహం లేదు. అందుకని హైపోక్లోరైట్ వాడాం. 5 శాతం ఉన్న బ్లీచ్ ద్రవం ఒక మూత, అదే మూతతో తొమ్మిది మూతల నీళ్లు, అంటే 0.5 శాతం. సెట్టు మునిగేదాకా ఆ కొలతనే పెంచుకోవాలి. రోజుకు ఒక్కసారి, పది నిమిషాలే. తర్వాత కుళాయి కింద బాగా కడిగి, రాత్రంతా మంచినీళ్లలో ఉంచాలి. అంతకన్నా ఎక్కువసేపు నానితే సెట్టు రంగు వెలుస్తుంది. లోహపు కొక్కేలున్న సెట్టయితే తుప్పు పడుతుంది, దానికి 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ వాడాలి. క్లోర్‌హెక్సిడిన్ వాడేవారికి నిస్టాటిన్ అనే ఫంగస్ మందు ఇస్తే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి, మధ్య వ్యవధి ఉండాలి. మరిగే నీళ్లు అసలు పోయకూడదు, సెట్టు వంకర పోతుంది. రోజూ కడగడానికి మెత్తని బ్రష్షు, మామూలు సబ్బు చాలు.

సిగ్గు సంగతికి మందు లేదు. కోడలితో మాట్లాడాం. అత్తగారు దీపం ఆర్పాక సెట్టు తీసుకునే ఏర్పాటు తనే చూసుకుంటానని కోడలు అంది. అది పనిచేసింది.

ఆయాసం మందు ఆపలేదు, ఆపకూడదు. ఛాతీ డాక్టరు రోటాక్యాప్ నుంచి స్పేసర్ (నోటికీ మందుకూ మధ్య పెట్టే గొట్టంలాంటి డబ్బా) పెట్టి కొట్టే పఫ్‌కు మార్చారు. స్పేసర్ గొంతులో పడే మందును తగ్గిస్తుంది. అయితే అది పఫ్‌కే పనికొస్తుంది, రోటాక్యాప్‌కు స్పేసర్ ఉండదు. స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి గాలికి ఆరబెట్టాలి, గుడ్డతో తుడిస్తే లోపల మందు అంటుకుపోతుంది. పుక్కిలించడం మరచిపోకుండా ఒక చిన్న మార్పు చేశాం: పళ్లు తోముకోవడానికి ముందే, సెట్టు లేకుండా పఫ్. తర్వాత ఎలాగూ తోముతారు, ఉమ్ముతారు.

పెదవి మూలలు మాత్రం క్రీముతో సగమే మానాయి. తొమ్మిదేళ్లలో సెట్టు పళ్లు అరిగి, దవడలు దగ్గరై, మూలల్లో మడత పడి ఎప్పుడూ ఉమ్మి తడి ఉంటోంది. బీకాంప్లెక్స్‌తో అది పోదు. ఇనుము మాత్రలు మొదలుపెట్టి, కొత్త సెట్టు చేయించాలని నిర్ణయించాం. వెంటనే కాదు. వాచిన అంగిలి మీద అచ్చు తీస్తే, వాపు తగ్గాక సెట్టు వదులవుతుంది. ఎరుపు పూర్తిగా పోయిన నాలుగో వారంలో అచ్చు తీశాం.

ఎరుపు పోయాక

ఆ అచ్చు తీసే రోజునే అంగిలి కుడివైపు 6 మి.మీ. తెల్లమచ్చ కనిపించింది. తుడిస్తే రాలేదు. ఎరుపు కింద ఇన్నాళ్లూ దాగి ఉంది. తుడిస్తే పోనిదంతా ఫంగస్ కాదనుకోకూడదు, పోకుండా అంటుకునే కాండిడా రకమూ ఉంది. రెండు వారాల ఫంగస్ మందు తర్వాత కూడా నిలిచిన తెలుపును మాత్రం కంటితో చూసి తేల్చకూడదు. పాతికేళ్ల అడ్డపొగ చరిత్ర ఉన్న అంగిలి మీద అసలే తేల్చకూడదు. చిన్న ముక్క తీసి పంపాం. చర్మం మందమెక్కింది, కణాల్లో మార్పు లేదు, ఫంగస్ లేదు అని వచ్చింది.

ఈ కేసు తర్వాత మా దగ్గర మూడు పనులు మారాయి. సెట్టు ఉన్నవారికి పరీక్ష సెట్టు తీయించడంతోనే మొదలవుతుంది, వెంట వచ్చినవారిని ముందే బయట కూర్చోబెడతాం. "రాత్రి తీసి కడగండి" అనడం మానేసి "పొద్దున లేచేదాకా నోట్లో పెట్టుకోకండి" అంటున్నాం. ఫ్లూకొనజోల్ రాసే ముందు షుగర్ మాత్ర పేరు చీటీ మీద చూడకుండా, పెట్టె తెప్పించి చూస్తున్నాం.

మూడో నెలలో చూసినప్పుడు కొత్త సెట్టు బిగువుగా ఉంది, పెదవి మూలలు మానాయి, హెచ్‌బీఏ1సీ 7.9కి దిగింది. మచ్చ పక్కన కొలత పుల్ల పెట్టి ఫోటో తీశాం, అదే 6 మి.మీ. కొత్త సెట్టు పెట్టెలో కాకుండా మూతున్న స్టీలు గిన్నెలో, నీళ్లలో మంచం పక్కన ఉంటోందని కోడలు చెప్పింది. మళ్లీ మూడు నెలలకు రమ్మన్నాం, పాత ఫోటో పక్కన పెట్టి కొలవడానికి.